దొరతిప్ప కౌలుదారు

దొరతిప్పలో మూడు రోజుల పాటు నేల మీద ఒక్క మనిషి కూడా లేకుండా పోవడానికి కారణం నేనే. గొప్పకి చెప్పడం లేదు, క్షమాపణ కోసమూ కాదు. ఉన్నది ఉన్నట్టు రికార్డు చేయడం ఇన్నేళ్ల గుమస్తాగిరీలో అలవాటైపోయింది, అందుకని చెబుతున్నాను.

దొరతిప్ప అంటే సముద్రానికి కాస్త ఇవతల, గోదావరి పాయ రెండుగా చీలిన చోట మేటవేసిన నేల. మూడు వైపులా నది, నాలుగో వైపు కాలవ. మూడొందల పన్నెండు ఇళ్లు, కొబ్బరితోటలు, ఒక చర్చి, ఒక రాములవారి కోవెల, ఒక కచేరీ. ఎప్పుడో ఒక జమీందారుగారికి డబ్బు అవసరమై ఈ తిప్పను తొంభైతొమ్మిదేళ్లకి దొరలకి కౌలుకిచ్చారు. దొరలు దాన్ని ముక్కలు చేసి జనానికి కౌలుకిచ్చారు. కాలవకి అవతలి దేశం నుంచి తెల్లవాళ్లు వెళ్లిపోయి, అక్కడ సొంత ప్రభుత్వం వచ్చినా, మా తిప్ప మాత్రం గడువు తీరేదాకా దొరలదేనని పైవాళ్లు ఒప్పందం రాసుకున్నారు. ఆ గడువు ఆ ఏడు ఫిబ్రవరి పదిహేనో తేదీ ఉదయం తొమ్మిది గంటలకి తీరుతుంది. అప్పుడు దొరల జెండా దిగి, అవతలి జెండా ఎక్కుతుంది. అంతే, ఇంకేమీ మారదని అందరం అనుకున్నాం.

నేను కౌలు కచేరీలో గుమస్తాని. నా పేరు ముక్కామల జోగారావు. మా పై అధికారి పుల్లెల విశ్వపతిగారు. ఆయన హోదా 'కౌలు సంరక్షణాధికారి'. కౌళ్లన్నీ తొంభైతొమ్మిదేళ్లవి కనక ఆయన సర్వీసులో ఒక్కటి కూడా కొత్తగా ఇచ్చిందీ లేదు, రద్దు చేసిందీ లేదు. వారానికోసారి ఇనప్పెట్టె తెరిపించి పట్టాలన్నీ ఎండలో పరిపించి, మళ్లీ పెట్టెలో పెట్టించి తాళం వేసేవారు. ముప్పైఒక్క ఏళ్లు అదే సంరక్షణ.

ప్రభుత్వం మారాక నా ఉద్యోగం ఏమవుతుందోనని నాకు దిగులు. పెద్దాయన దృష్టిలో పడదామని ఆ అక్టోబరులో అసలు పట్టా తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాను. అంతకుముందు దాన్ని ఎవరూ చదివినట్టు లేదు. పద్నాలుగో షరతు దగ్గర ఆగిపోయాను. జమీందారుగారికి తిప్పను ఖాళీగా అప్పగించాలి కనక, జనానికిచ్చే ప్రతి కౌలూ అసలు గడువు కన్నా మూడు రోజులు ముందే ముగియాలని అందులో ఉంది. అంటే ఫిబ్రవరి పన్నెండు ఉదయం తొమ్మిదికి అందరి కౌళ్లూ తీరిపోతాయి. కొత్త ప్రభుత్వం వచ్చేది పదిహేనున. మధ్యలో మూడు రోజులు తిప్ప మీద ఎవరికీ నిలబడే హక్కు లేదు.

పక్కన పెన్సిలుతో ఒక గీత గీసి విశ్వపతిగారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. కళ్లు చెమర్చాయి.

"జోగారావూ, ఈ కచేరీ ఎందుకున్నదో నేటికి బోధపడినది" అన్నారు.

"అయ్యా, మూడు రోజులు పొడిగిస్తున్నట్టు ఒక కాగితం రాసేస్తే పోతుందేమోనండి."

"మూడు దినములకు కౌలు ఇచ్చుటకు మన వద్ద ఫారము లేదు. ఉన్నది తొంభైతొమ్మిది వత్సరముల ఫారము మాత్రమే. కావున ఖాళీ చేయించవలెను."

"ఊరినా అండీ?"

"ఊరిని కాదు. ఊరు ఉండవచ్చును. జనమును."

కాలవ అవతల కొత్త ప్రభుత్వం వాళ్లు అప్పటికే ఒక డేరా వేసి 'విలీన కార్యాలయం' అని బోర్డు పెట్టారు. ఈ సంగతి వాళ్ల చెవిన వేద్దామని మేం రాసిన ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది. విప్పితే మమ్మల్ని గుర్తించినట్టవుతుందట. చివరికి నన్నే పంపారు. అక్కడి స్పెషలాఫీసరు చెరుకువాడ త్రయంబకరావుగారు నున్నగా గీసుకున్న గడ్డంతో, ఇస్త్రీ నలగని చొక్కాతో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"చూడండి, పదిహేనో తేదీ దాకా మీది విదేశం. మీరు మాట్లాడుతున్నట్టు నేను గుర్తించడం లేదు. కాబట్టి కాస్త గట్టిగా చెప్పండి" అన్నారు.

గట్టిగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"ఆ మూడు రోజులు మీ దేశం సమస్య. మా ప్రొసీజరు క్లియర్‌గా ఉంది. స్వాధీన నిబంధనలని నేనే స్వయంగా తయారుచేశాను. పదిహేనున ఉదయం తొమ్మిది గంటలకి ఏ జాగా ఎవరి స్వాధీనంలో ఉంటే దాని పట్టా వాళ్లకి. ఎవరూ లేని జాగా ప్రభుత్వానికి. తగాదాలుండవు, అప్పీళ్లుండవు."

"అప్పటిదాకా జనాన్ని మీ ఒడ్డుకి రానిస్తారాండీ?"

"వీసా ఉంటే తప్పకుండా."

"వీసా ఎవరిస్తారండీ?"

"పదిహేను తర్వాత మేమే ఇస్తాం."

తిరిగొచ్చి చెబితే విశ్వపతిగారు ఏ మాత్రం కంగారు పడలేదు. తిప్ప చుట్టూ ఉన్న నది ఎవరి కౌలులోనూ లేదని ఆయన మ్యాపు మీద వేలు పెట్టి చూపించారు. మర్నాడే సర్క్యులరు అచ్చయింది. పన్నెండున ఉదయం తొమ్మిదికి ప్రజలందరూ పడవలెక్కాలి. పదిహేనున ఉదయం తొమ్మిదికి చర్చి గంట మోగగానే దిగి ఎవరి ఇంట్లోకి వాళ్లు పోవాలి. అప్పుడు దొరలకి అప్పగించడానికి ఖాళీ నేలా దక్కుతుంది, కొత్తవాళ్లకి జనమూ దక్కుతారు. ఈలోగా ఎవరైనా నేల మీద కాలు పెడితే అప్పగింత మొత్తం చెల్లదు, ఎవరికీ పట్టా రాదు. ఆ ఆఖరి వాక్యం కింద ఆయనే ఎర్రసిరాతో గీత గీశారు.

మర్నాటి నుంచి కచేరీ ముందు సంత కట్టినట్టు జనం. మేడ ఉన్న పప్పుల వ్యాపారి మామిడాల సూరిశెట్టి పై అంతస్తు నేల కాదని వాదించాడు. పై అంతస్తు కింది అంతస్తు మీద, కింది అంతస్తు నేల మీద ఆనుకున్నాయి కనక మేడ అంటే ఎత్తయిన నేల అని తీర్పు వచ్చింది. కొబ్బరికాయలు దింపే పెద్దిరాజు ఆ మూడు రోజులూ చెట్టెక్కి కూర్చుంటానన్నాడు. చెట్టుకి వేళ్లున్నాయని అతన్ని వెనక్కి పంపారు. కోళ్లు ఎగరగలవు కనక వాటి సంగతి పరిశీలనలో పెట్టారు.

నాలుగో రోజు సలోమి వచ్చింది. ఊళ్లో బ్రెడ్డు బట్టీ ఆవిడదే. నలభై దాటాయి, పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం తిప్పలో ఎవరికీ లేదు. వాళ్ల నాన్న పల్లేటి దానియేలు కాలవ మీద ముప్పైఎనిమిదేళ్లు బల్లకట్టు నడిపాడు. ఆ బల్లకట్టు ఎక్కని వాళ్లు రెండు ఒడ్డుల్లోనూ లేరు. ఇప్పుడు ఎనభైరెండేళ్ల వయసులో మంచంపట్టి ఉన్నాడు.

"మా నాన్న మంచం దిగి ఆర్నెల్లయిందండి. పడవలోకెలా ఎక్కించమంటారండి?" అంది.

విశ్వపతిగారు కలం తీసుకున్నారు. "సదరు మంచము యొక్క కోళ్లు నేలకు ఆనుచున్నవా?"

"ఆనకుండా గాల్లో ఉంటదేటండీ మంచం?"

"అటులైన, మంచము నేలలో అంతర్భాగము."

"పోనీ ఉయ్యాలబల్ల మీద పడుకోబెడతానండి."

"ఉయ్యాల దూలమునకు, దూలము గోడకు, గోడ నేలకు తగులును."

"మరైతే ఈ తిప్పలో నేలకి తగలందేటండీ?"

విశ్వపతిగారు కాసేపు నిజంగానే ఆలోచించారు. "శాసనము" అన్నారు.

సలోమి ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను రిజిస్టరులోకి తల దించేశాను. ఆ షరతు కనిపెట్టింది నేనని ఆవిడకి తెలియదు. చేతికంటిన పిండి కొంగుకి తుడుచుకుని వెళ్లిపోయింది.

పదకొండున గవర్నరు దొర, జనం లేని నేలకి పాలన అక్కర్లేదు కనక పన్నెండు ఉదయం తొమ్మిదితో అది ముగుస్తుందని రాయించి, ఓడెక్కి, ప్రజల సహకారానికి తన సంతృప్తి తెలియజేసి వెళ్లిపోయాడు. పన్నెండున పొద్దున్నే జనం పడవల్లోకి ఎక్కడం మొదలుపెట్టారు. చేపల నావలు, ఇసుక పడవలు, కొబ్బరికాయల పంట్లు, తేలేదల్లా తెచ్చారు. డెబ్బైకి పైగా ఉంటాయి. గొడ్లకి రెండు పంట్లు. దానియేలుని నలుగురు మంచంతో సహా ఎత్తి ఒక వెడల్పాటి నావలో దించారు. సలోమి ముందురోజంతా బట్టీ ఆర్పకుండా కాల్చిన బ్రెడ్డు గోతాలకెత్తి, పడవ పడవకీ పంచింది. సరిగ్గా తొమ్మిదింటికి నా ఉద్యోగం కూడా ముగిసింది. కొత్త ప్రభుత్వంలో పదిహేనున మళ్లీ చేరాలి. ఆ మూడు రోజులూ నేను ఏమీ కాను. విశ్వపతిగారు మాత్రం తన బల్ల, కుర్చీ, సీళ్లు కచేరీ లాంచీ మీదకి ఎక్కించుకున్నారు. దొరలు నేల మీద అధికారం వదులుకున్నారు గానీ నీటి మీద వదులుకున్నట్టు ఎక్కడా రాయలేదని ఆయన వాదం.

మొదటిరోజు తీర్థానికి వెళ్లినట్టే గడిచింది. పడవల మధ్య బల్లలు వేసుకుని పేకాడారు. పిల్లలు ఒక నావలోంచి ఇంకో నావలోకి గెంతారు. రెండోరోజుకి తాగేనీళ్లు తగ్గిపోయాయి. అక్కడ నదిలో ఉప్పునీరు కలుస్తుంది, నోట పెట్టలేం. మంచినీళ్ల బావి ఒడ్డునే, అందరికీ కనబడేలా ఉంది. ఎండకి పసివాళ్లు ఏడుస్తుంటే ముసలివాళ్లు మోకాళ్లు చాపుకునే చోటు లేక మూలిగారు. సర్క్యులరులో కుక్కల ప్రస్తావన లేకపోవడంతో అవి మాత్రం రేవులో నిలబడి, మాకేమైందో అర్థంకాక మొరుగుతూనే ఉన్నాయి.

ఆ పడవలన్నింటిలో సంతోషంగా ఉన్నది దానియేలు ఒక్కడే. మంచం మీంచి చెయ్యి వేలాడేసి వేళ్లు నీళ్లలో పెట్టుకుని పడుకున్నాడు. పక్క పడవలో ఉన్న నాకు అతని మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"పాటు మొదలైందే అమ్మాయ్. నీళ్లు సంద్రంకేసి లాగుతున్నాయి" అన్నాడు.

"నువ్వు పడుకో నాన్నా."

"ఆర్నెల్ల నుంచీ పడుకునే ఉన్నాను గదే. ఇక్కడ బావుంది. ఇంట్లో కంటే ఇక్కడే బావుంది."

పదమూడో తేదీ మధ్యాహ్నం, చెయ్యి నీళ్లలో ఉండగానే పోయాడు. సలోమి ఆ చెయ్యి పైకి తీసి, తుడిచి, గుండెల మీద పెట్టింది. ఏడవలేదు. 

మర్నాడు పొద్దున్నే చర్చి పాదిరి ఆశీర్వాదంగారు, సలోమి, మరో నలుగురు లాంచీ దగ్గరికి వెళ్లారు. నేనూ వెళ్లాను. సమాధుల దొడ్డిలో పాతిపెట్టి గంటలో తిరిగొస్తామని పాదిరిగారు అడిగారు.

విశ్వపతిగారు సర్క్యులరు ముందు పెట్టుకుని చాలాసేపు చదివారు. "ఇందు నిషేధించినది 'వ్యక్తుల'ను. మరణించినవాడు వ్యక్తి అగునా, కాదా అన్నది ప్రశ్న. నా అభిప్రాయమున కాదు. కావున దానియేలు నేల మీదికి వెళ్లుటకు అభ్యంతరము లేదు" అన్నారు.

"దేవుడు మిమ్మల్ని దీవించుగాక" అన్నారు పాదిరిగారు.

"అయితే మోసుకొనిపోవువారు వ్యక్తులు. వారికి అనుమతి లేదు."

 లాంచీ కింద నీళ్లు తపతప కొట్టుకుంటున్నాయి.

"అంటే ఆయన్ని నడిచెళ్లమంటారాండీ?" అంది సలోమి.

"అది మృతుని విచక్షణకు విడువబడినది" అని విశ్వపతిగారు సీలు వేశారు.

సలోమి ఆ కాగితం తీసుకోలేదు. తన నావలోకి దిగి, గెడ తీసి, అడుగున గుచ్చి ఒక్క తోపు తోసింది. నావ రేవు వైపు కదిలింది. ఆవిడ ఎవరినీ రమ్మనలేదు. కొబ్బరికాయల పెద్దిరాజు నీళ్లలోకి దూకి ఈదుకుంటూ వెళ్లి నావ అంచు పట్టుకున్నాడు. అతని వెనక ఇంకో ముగ్గురు. నా చొక్కాజేబులో ఆ రోజు ఏ ప్రభుత్వం ఇచ్చిన కలమూ లేదు. నేనూ, పాదిరిగారూ వెళ్లి నావలో కూర్చున్నాం. లాంచీ మీంచి విశ్వపతిగారు మా పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతూ రాసుకోవడం వినిపించింది. నా పేరు దగ్గర కాస్త ఆగారు.

సమాధుల దొడ్డిలో పాత సమాధులన్నింటినీ పన్నెండునే కాగితం మీద ఖాళీ చేయించారు. ఇక్కడ పాతిపెట్టిన వారెవరికీ ఈ నేలపై హక్కు లేదని పాదిరిగారి చేత సంతకం పెట్టించుకున్నారు. వాటి పక్కన, ప్రహరీ వారగా గొయ్యి తవ్వాం. ఇసకనేల, తవ్వుతుంటే పక్కలు జారిపోతున్నాయి. పెద్దిరాజు, నేను వంతులేసుకుని తవ్వాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. పాదిరిగారు ప్రార్థన చదివారు. నేను ఇక ఆగలేకపోయాను.

"సలోమీ, ఆ మూడు రోజుల షరతు... దాన్ని వెతికి పట్టుకుంది నేనే. ఎవరూ చూడలేదు. నేనే చూసి పైకి పంపాను" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"చూస్తే చూశారు. ఆ పార ఇలాగివ్వండి, మీకు చేతకావట్లేదు" అంది.

పార తీసుకుని మట్టంతా తనే తోసింది. అయిపోయాక పేరు రాసిన సిలువ చెక్క ఒకటి గుచ్చి, అక్కడే కూలబడింది. "నేనిక్కడే ఉంటానండి, రేపు పొద్దుటిదాకా. ఎవరేం చేసుకుంటారో చేసుకోండి" అంది.

అప్పటికి పడవలు రేవు దగ్గరికి వచ్చేశాయి. ఎవరూ దిగలేదు. నీళ్లలోంచే ఆడవాళ్లు చేతులు జోడించి కేకలేస్తున్నారు. "సలోమమ్మా, నువ్వక్కడుంటే మా ఎవరికీ పట్టా ఇవ్వరంటమ్మా. పిల్లలున్నోళ్లమమ్మా. నీ కాళ్లు మొక్కుతాం, వచ్చెయ్యమ్మా!"

సలోమి చాలాసేపు కదల్లేదు. తర్వాత లేచి, చీర దులుపుకుని, వెనక్కి చూడకుండా వచ్చి నావ ఎక్కింది. మేం దిగినట్టు రిపోర్టు పంపితే అప్పగింతే చెల్లదు, అప్పుడు తప్పు విశ్వపతిగారిదవుతుంది. అందుకని ఆయన రాసుకున్న పేర్లన్నీ చింపి నదిలో వేశారు.

పదిహేనున తెల్లవారగానే పడవలన్నీ రేవులో ముక్కులు పెట్టి నిలబడ్డాయి. మగవాళ్లు పంచెలు ఎగ్గట్టుకున్నారు. ఆడవాళ్లు బిడ్డల్ని చంకనెత్తుకున్నారు. పాదిరిగారు తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు ఒంటరిగా దిగి గంట కొట్టడానికి ప్రత్యేకానుమతి దొరికింది. అందరి కళ్లూ లాంచీ మీది కచేరీ గడియారం మీదే.

ఇక్కడొక సంగతి చెప్పాలి. దొరల గడియారాలు వాళ్ల దేశపు లెక్కలో నడిచేవి. కాలవ అవతలి కాలానికీ మా కాలానికీ ఇరవైరెండు నిమిషాల తేడా, అవతలిది ముందు. తొంభైతొమ్మిదేళ్లుగా అందరికీ తెలిసిన విషయమే. అందుకే ఎవరికీ గుర్తు రాలేదు.

మా గడియారంలో తొమ్మిది కావడానికి ఇంకా ఇరవైరెండు నిమిషాలుండగా కాలవ మీద అవతలివాళ్లు కొత్తగా వేసిన వంతెన మీద బ్యాండు మోగింది. త్రయంబకరావుగారు ఆరుగురు సర్వేయర్లతో తిప్పలోకి అడుగుపెట్టారు. సర్వేయర్లు సుద్దముక్కలు పట్టుకుని వీధుల్లోకి పరిగెత్తారు. ఇంటింటికీ తలుపు తట్టడం, లోపలికి తొంగిచూడటం, తలుపు మీద 'ఖాళీ' అని రాయడం. మేం పడవల్లోంచి చూస్తూనే ఉన్నాం. వాళ్లు మమ్మల్ని ఆహ్వానించడానికి అలంకారాలు చేస్తున్నారని సూరిశెట్టి అన్నాడు.

గంట మోగింది. జనం ఒక్కసారిగా రేవు మీద పడి ఇళ్లకి పరిగెత్తారు. ఎవరి తలుపు చూసినా తెల్లటి సుద్దతో ఖాళీ, ఖాళీ, ఖాళీ.

"మీరు లేటు. ఇరవైరెండు నిమిషాలు లేటు" అన్నారు త్రయంబకరావుగారు, కచేరీ మెట్ల మీద నిలబడి. గొంతులో కోపమేమీ లేదు, జాలి కూడా ఉంది. "మూడొందల పన్నెండు ఇళ్లకి మూడొందల పన్నెండూ ఖాళీ. రాజధానికి తంతి కూడా వెళ్లిపోయింది. తిప్ప మొత్తం ప్రభుత్వ భూమి. దేశంలో ఎక్కడా ఇంత క్లీన్‌గా విలీనం జరగలేదు."

విశ్వపతిగారు ఆయన పక్కనే నిలబడి తల పంకిస్తున్నారు. ఆ పూటే ఆయన్ని కొత్త ప్రభుత్వం సలహాదారుగా తీసుకుంది.

అప్పుడు కొండబాబు అనే బక్కపలచటి సర్వేయరు చెయ్యెత్తాడు. "సార్, ఒక్కటి మాత్రం ఖాళీ కాదండి. సమాధుల దొడ్డిలో ప్రహరీ వారగా ఒకాయనున్నాడండి. కొత్తగా వచ్చినట్టున్నాడు. పాతవాళ్లందరూ హక్కు వదులుకున్న కాగితముంది గానీ, ఈయన కాగితం లేదండి. స్వాధీనంలో ఉన్నట్టు రాసేశాను. అక్కడే పెట్టిన సిలువ చెక్క మీద పేరుంది. పల్లేటి దానియేలు. అది కూడా తంతిలో వెళ్లిపోయిందండి."

"ఆరడుగుల జాగా. పోనివ్వండి" అన్నారు త్రయంబకరావుగారు.

"ఆరడుగులు కాదండి" అన్నాడు కొండబాబు, నిబంధనల పుస్తకం తిప్పుతూ. "తొమ్మిదో నిబంధన సార్. స్వాధీనంలో ఉన్న వ్యక్తి జాగా హద్దు, పక్క వ్యక్తి జాగా మొదలయ్యేదాకా. పక్కన ఎవరూ లేకపోతే నదో కాలవో అడ్డొచ్చేదాకా. ఈయనకి పక్కన ఎవరూ లేరండి."

త్రయంబకరావుగారు పుస్తకం లాక్కుని చదివారు. తగాదాలుండకూడదని ఆయన స్వయంగా రాసిన నిబంధన. తంతికి జవాబుగా రాజధాని నుంచి అభినందనలు కూడా వచ్చేశాయి. తప్పు దొర్లిందని మళ్లీ తంతి కొడితే ఆ అభినందనలు వెనక్కివ్వాలి. ఆయన చుట్టూ చూశారు. ఆయన నిలబడ్డ కచేరీ మెట్లు కూడా దానియేలు కౌలులోనే ఉన్నాయి.

వారం తిరక్కుండా ఆయన సలోమి బట్టీకి వచ్చారు. వెనక విశ్వపతిగారు, ఆ వెనక కాగితాల కట్టతో నేను. బట్టీ ముందు సగం ఊరు గుమిగూడింది.

"అమ్మా, ఈ అఫిడవిట్టు మీద ఒక సంతకం పెట్టండి" అన్నారు త్రయంబకరావుగారు. "మీ నాన్నగారు పదమూడో తేదీన మరణించారని. దాంతో ఆయన స్వాధీనం చెల్లదు, భూమి ప్రభుత్వానికి వస్తుంది. జనానికి మేం నిదానంగా, పద్ధతి ప్రకారం ఏదో ఒకటి చేస్తాం."

"మా నాన్న పోయింది అందరూ చూశారు గదండీ. మీరే రాసుకోండి" అంది సలోమి.

"మేం రాయకూడదు. మా జనన మరణాల రిజిస్టరు పదిహేనున మొదలైంది. దొరల రిజిస్టరు పన్నెండున మూసేశారు. పదమూడున ఇక్కడ ఏ ప్రభుత్వమూ లేదు. ప్రభుత్వం లేనప్పుడు అధికారికంగా ఎవరూ చనిపోలేరు. కూతురు ప్రమాణం చేస్తే తప్ప."

"నేను సంతకం పెట్టకపోతే?"

"ఆయన సజీవుడైన కౌలుదారు. ఎవరి ఇళ్లలో వాళ్లుండటానికి ఆయన అభ్యంతరం చెప్పనంతకాలం మేం చేసేదేమీ లేదు."

"ఎన్నాళ్లు బతికుంటాడండీ?"

"మీరు సంతకం పెట్టేదాకా."

విశ్వపతిగారు గొంతు సవరించుకున్నారు. "మరియొక విషయము. సజీవుడైన కౌలుదారుని రాతిపై మరణ తేదీ చెక్కించుట, సంవత్సరీకము జరుపుట ప్రభుత్వ రికార్డునకు విరుద్ధము. ఆలోచించుకొనవలెను. సంతకము చేసినచో ప్రభుత్వము సంతాపము కూడ తెలుపును."

సలోమి బట్టీ మూత తీసింది. వేడి ముఖానికి కొట్టింది. పొడవాటి చెక్క గరిటెతో రొట్టెలు ఒక్కొక్కటే అటు నుంచి ఇటు తిప్పింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. అప్పుడు ఏడ్చింది. నావలో ఏడవలేదు, గోతి దగ్గర ఏడవలేదు, మా ముగ్గురి ముందు బట్టీలోకి వంగి ఏడ్చింది. గుమ్మం దగ్గర పెద్దిరాజు, సూరిశెట్టి, పసిబిడ్డల తల్లులు నిలబడి ఉన్నారు. ఈసారి ఎవరూ ఆవిణ్ణి బతిమాలలేదు. బతిమాలే మొహం వాళ్లకి లేదు.

మూత వేసి ఇటు తిరిగింది.

"అయితే బతకనివ్వండి" అంది.

ఇది జరిగి పదకొండేళ్లయింది. త్రయంబకరావుగారికి ప్రమోషన్ వచ్చి బదిలీ అయింది. విశ్వపతిగారు ఇంకా సలహా ఇస్తూనే ఉన్నారు. దొరతిప్పలో ఎవరూ ఎవరినీ ఖాళీ చేయించలేదు. సలోమి వాళ్ల నాన్న సమాధి మీద రాయి వేయించింది. చెక్కేవాడు ఏం రాయమంటావని అడిగితే పేరు చాలంది. పుట్టిన తేదీ తెలియదు, పోయిన తేదీ రాయకూడదు. ఆదివారాలు చర్చి అయ్యాక అక్కడికి వెళ్లి కాసేపు కూర్చుంటుంది. కౌలుదారుని చూడటానికి కూతురు వెళ్లడం మీద ఆంక్షలేమీ లేవు.

కౌలుదారు బతికున్నట్టు ఏటా తనిఖీ చేసి ధ్రువపరచాలని కొత్త నిబంధనలో ఉంది. ఆ పని నాది. ప్రతి ఫిబ్రవరిలో ఫారం పట్టుకుని సమాధుల దొడ్డికి వెళతాను, ప్రహరీ వారగా నిలబడి అందులోని ప్రశ్నలన్నీ పైకి చదువుతాను, ఒక్కోదానికీ కాస్త ఆగుతాను. మొన్న రాసింది ఇదీ.

కౌలుదారు స్థలంలోనే ఉన్నారు. జాగా శుభ్రంగా ఉంది. ప్రశ్నలకి జవాబు చెప్పలేదు. ప్రభుత్వం మీద ఫిర్యాదులేమీ లేవు.